ఆయన పోస్టింగ్ మారినా మీ ఉద్యోగం నిలబడాలంటే

మా ఇంట్లో ఆరు నల్ల ట్రంకు పెట్టెలున్నాయి. ప్రతిదాని మీదా తెల్ల పెయింట్‌తో మా ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పాత ర్యాంకు చెరిపి కొత్తది రాయించాం. బఠిండా నుంచి సామాను కట్టే రోజున వాటి మధ్య కూర్చుని లెక్క చూసుకున్నాను. క్వార్టర్ ఆయన పేరు మీద ఉంది, గ్యాస్ ఆయన పేరు మీద ఉంది, క్యాంటీన్ కార్డు ఆయనది. మెడికల్ కార్డులో నేను డిపెండెంట్‌ని. నా సొంత నంబరు అంటూ ఒక్కటీ లేదు. రెండేళ్లు టీచర్‌గా పనిచేసి కూడా!

ఆ రోజు నుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇది ముఖ్యంగా మన సైన్యంలో జవాన్లు, హవల్దార్లు, జేసీఓల (నాయబ్ సుబేదార్, సుబేదార్ లాంటి ర్యాంకుల వాళ్ల) ఇళ్లలో ఉండే ఆడవాళ్ల కోసం. నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. ఊరు మారినా మీతోపాటు వచ్చే నంబర్లు, అంటే రిజిస్ట్రేషన్, స్కోర్ కార్డు, పీఎఫ్ ఖాతా, మీ పేరు మీద ఎన్ని ఉంటే మీ ఉద్యోగ జీవితం అంత గట్టిగా నిలబడుతుంది. జీతం ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి సంగతి.

ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి

ఎడమ పక్కన సంవత్సరాలు రాయండి, ఇప్పటి నుంచి ఆయన రిటైరయ్యే దాకా. 2022లో అగ్నివీర్ పద్ధతి రాకముందు చేరినవాళ్లు సిపాయిగానే ఉంటే సుమారు 17 ఏళ్ల సర్వీసుకు, హవల్దార్ అయితే సుమారు 24 ఏళ్లకు బయటికి వస్తారు. అంటే ఇరవై ఏళ్ల వయసులో చేరిన మనిషి నలభైకి అటూ ఇటూగా పెన్షన్‌తో ఇంటికొచ్చేస్తాడు. అప్పటికి మీకు ముప్పై అయిదో, నలభయ్యో. పెద్ద పిల్లాడు ఇంటర్‌లో ఉంటాడు, ఖర్చులు అప్పుడే మొదలవుతాయి. ఆయన కొత్త ఉద్యోగం వెతుక్కునే ఆ రోజుల్లో ఇంట్లో కుదురుగా వచ్చే జీతం మీదే కావచ్చు. మన వాళ్లలో చాలామంది దీన్ని తలకిందులుగా ఆలోచిస్తారు. "ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్లు నాకెందుకు, రిటైరయ్యాక చూద్దాం" అంటారు. అప్పటికి చాలా ప్రభుత్వ ఉద్యోగాలకు వయసు దాటిపోతుంది, చేతిలో అనుభవం కాగితం ఉండదు.

కుడి పక్కన పోస్టింగులు రాయండి. పీస్ స్టేషన్‌లో (కుటుంబంతో ఉండగల చోట) రెండు మూడేళ్లు, తర్వాత ఫీల్డ్ (సరిహద్దు లాంటి, కుటుంబాన్ని తీసుకెళ్లలేని చోటు), మళ్లీ పీస్. కచ్చితంగా చెప్పలేం కానీ వరస దాదాపు ఇలాగే ఉంటుంది. పిల్లల పదో తరగతి, పన్నెండో తరగతి సంవత్సరాలకు గీత గీయండి.

ఇప్పుడు ఫీల్డ్ సంవత్సరాల వైపు చూడండి. అందరూ వాటిని కష్టకాలం అంటారు. నిజమే, రాత్రి ఫోన్ కలవకపోతే పడే టెన్షన్ పడినవాళ్లకే తెలుసు. కానీ మీ చదువుకు అసలైన సమయం అదే. ఆయన ఫీల్డ్‌కి వెళ్తే కుటుంబానికి ఎస్‌ఎఫ్ క్వార్టర్ (ఆయన దూరంగా ఉన్నప్పుడు కుటుంబానికి విడిగా ఇచ్చే ఇల్లు) తీసుకునే వీలుంది, లేదా సొంతూరిలో ఉండొచ్చు. రెండేళ్లు ఒకేచోట కదలకుండా ఉంటారు. బీఈడీ, డీఎడ్, నర్సింగ్ పోస్ట్ బేసిక్ లాంటి రెండేళ్ల కోర్సు పెట్టుకోవాల్సింది అప్పుడే. పీస్ స్టేషన్‌లో మొదలుపెడితే మధ్యలో మూవ్‌మెంట్ ఆర్డర్ వస్తుంది, కోర్సు సగంలో ఆగుతుంది.

మీ పని ఏ గీత దగ్గర ఆగిపోతుందో చూడండి

ఉద్యోగం మంచిదా కాదా అని అడిగే ముందు, అది ఎంత దూరం మీతో వస్తుందో అడగండి.

కొన్ని ఊరి పొలిమేర దాటవు. అంగన్‌వాడీ కార్యకర్త పోస్టు స్థానికంగా ఉండేవాళ్లకే. కొన్ని రాష్ట్రం దాటవు: డీఎస్సీ రాసి వచ్చిన టీచర్ ఉద్యోగం, సచివాలయం ఉద్యోగం, గ్రామీణ బ్యాంకు ఉద్యోగం. ఇవి చెడ్డవని కాదు. డీఎస్సీ పోస్టు వస్తే వదులుకోమని నేను ఎవరికీ చెప్పను. కానీ అది తీసుకుంటే ఆయన అంబాలాలో, మీరు అనకాపల్లిలో ఉండాల్సి వస్తుందని రాసుకుని తీసుకోండి. తీసుకున్నాక నెలనెలా దాని మీద గొడవపడటం కంటే, పెళ్లయిన కొత్తలోనే కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

దేశమంతా తిరిగే ఉద్యోగాల్లో కేంద్ర ప్రభుత్వానివి ముందుంటాయి. భార్యాభర్తలను ఒకేచోట ఉంచాలని కేంద్ర సిబ్బంది శాఖ 1986లో మొదట చెప్పింది, 2009 సెప్టెంబర్ 30న మళ్లీ గట్టిగా ఆదేశాలిచ్చింది. బదిలీకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ ఆదేశాన్ని ప్రస్తావించి, ఆయన యూనిట్ నుంచి తెచ్చుకున్న సర్వీస్ సర్టిఫికెట్ జతచేయండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇది సౌకర్యమే, హక్కు కాదు. ఖాళీ లేకపోతే ఆగాల్సిందే. రైల్వేలో సొంత కోరిక మీద మరో జోన్‌కు వెళ్తే సీనియారిటీలో అడుగుకు చేరతారు. ఇలాంటి నిబంధన మీ శాఖలో ఉందో లేదో ముందే కనుక్కుని, ప్రమోషన్‌కు ఏడాది దూరంలో ఉంటే ఆగి అడగండి.

కేంద్ర ఉద్యోగినులకు చైల్డ్ కేర్ లీవ్ ఉంది, మొత్తం సర్వీసులో 730 రోజులు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, మిగతా వాటికి 80 శాతం. ఇది మొదటి ఇద్దరు పిల్లలకు, వాళ్లకు 18 ఏళ్లు నిండేదాకా. ఫీల్డ్ పోస్టింగ్ సమయంలో ఒంటిచేత్తో ఇల్లు నడిపేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. మొదటి బిడ్డకే అంతా ఖర్చుపెట్టకండి.

బ్యాంకుల్లో తేడా చూసుకోండి. క్లర్కు పోస్టు రాష్ట్రం వారీగా భర్తీ అవుతుంది, అక్కడి భాష రావాలి. ఆఫీసర్ పోస్టుకు దేశంలో ఎక్కడికైనా బదిలీ ఉంటుంది. మామూలుగా అందరూ భయపడే ఆ "ఎక్కడికైనా" అన్న మాటే మనకు వరం.

ఇక వృత్తులు. చార్టర్డ్ అకౌంటెంట్ సభ్యత్వం దేశమంతటికీ ఒకటే. లాయర్లు ఒక రాష్ట్ర బార్ కౌన్సిల్ నుంచి మరో రాష్ట్రానికి పేరు మార్చుకోవచ్చు. అడ్వకేట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం దానికి ఫీజు కూడా లేదు. చాలామంది కొత్తగా మళ్లీ ఎన్‌రోల్ కావాలనుకుని ఊరుకుంటారు. నర్సులకు మాత్రం కాస్త ఓపిక కావాలి. రిజిస్ట్రేషన్ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌ది కాబట్టి పాత కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ తెచ్చుకుని కొత్తచోట నమోదు కావాలి. నర్సుల జాతీయ రిజిస్టర్‌లో ఎన్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు తీసుకోకుండా ఉంటే ఇవాళే మొదలుపెట్టండి.

టీచర్ దారి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి

ఎందుకంటే మనలో సగం మంది ఇటే వస్తాం. కంటోన్మెంట్ ఉన్నచోట ఆర్మీ పబ్లిక్ స్కూల్ ఉంటుంది. దేశంలో అవి 130కి పైగా ఉన్నాయి. పక్కనే ఎక్కడో కేంద్రీయ విద్యాలయం కూడా ఉంటుంది. కానీ "మేడమ్, బీఈడీ ఉంది కదా, తీసుకుంటారులే" అనుకుని వెళ్తే పని జరగదు.

ఆర్మీ పబ్లిక్ స్కూళ్లలో చేరాలంటే ముందు ఆన్‌లైన్ స్క్రీనింగ్ టెస్ట్ పాస్ కావాలి, దాన్ని అందరూ ఓఎస్‌టీ అంటారు. తర్వాత స్కూలువాళ్లు ఇంటర్వ్యూ చేసి, క్లాసులో పాఠం చెప్పించి చూస్తారు. ఆ స్కోర్ కార్డు ఒక్క స్కూలుకు కాదు, దేశంలోని ఏ ఆర్మీ పబ్లిక్ స్కూలుకైనా చూపించొచ్చు. అందుకే పోస్టింగ్ వచ్చాక కాకుండా, ఖాళీగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి.

దాంతోపాటు సీటెట్, అంటే కేంద్ర స్థాయి టీచర్ అర్హత పరీక్ష. రాష్ట్ర టెట్‌ను సొంతూరి కోసం ఉంచుకోండి కానీ ప్రయాణానికి సీటెట్ కావాలి. 2021 నుంచి దాని సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు పేపర్ 1, ఆరు నుంచి ఎనిమిదికి పేపర్ 2.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. చిన్నపిల్లలకు చెప్పడానికి బీఈడీ సరిపోతుందనుకుంటారు. ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. డీఎడ్ లాంటి కోర్సు ఉండాలి. హైస్కూలు సబ్జెక్టు చెప్పాలా, ప్రైమరీ చెప్పాలా అన్నది తేల్చుకున్నాకే ఫీజు కట్టండి. ఇంకొకటి, ఇగ్నో బీఈడీ దూరవిద్యలో ఉంది కదా అని ఆశపడకండి. అది ఇప్పటికే టీచర్ శిక్షణ పొందినవాళ్ల కోసం. మామూలు డిగ్రీ, పీజీలకైతే ఇగ్నో మనకు బాగా నప్పుతుంది, ఊరు మారితే రీజనల్ సెంటర్ మార్చుకోవచ్చు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని దారి స్పెషల్ ఎడ్యుకేషన్. బుద్ధిమాంద్యం, వినికిడి లోపం ఉన్న పిల్లలకు చెప్పే కోర్సు చేస్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ కేంద్ర రిజిస్టర్‌లో నంబరు వస్తుంది. అది కేంద్రానిది కాబట్టి రాష్ట్రం మారినా అదే నంబరు. ఆవా (సైనికుల భార్యల సంక్షేమ సంఘం) నడిపే, ఇలాంటి పిల్లల కోసం ఉన్న ఆశా స్కూళ్లు చాలా కంటోన్మెంట్లలో ఉన్నాయి. ఇలాంటి టీచర్లు అన్ని స్కూళ్లకూ కావాలి, దొరికేది తక్కువమంది. మా చెల్లి వయసుదైన ఒక అమ్మాయి ఈ కోర్సు చేసింది. మూడు స్టేషన్లు మారినా ఎక్కడా రెండు నెలలకు మించి ఖాళీగా లేదు.

కేంద్రీయ విద్యాలయాల్లో పర్మనెంట్ పోస్టు రాకపోయినా, ఏటా కొత్త విద్యా సంవత్సరానికి ముందు కాంట్రాక్టు టీచర్ల కోసం వాక్-ఇన్ ఇంటర్వ్యూలు పెడతారు. స్కూలు వెబ్‌సైట్‌లో పెడతారు తప్ప పేపర్లో అంతగా కనబడదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త స్టేషన్ స్కూళ్ల సైట్లు రోజూ చూడండి.

అన్నట్టు, హిందీ. మనం హిందీలో తప్పులు మాట్లాడతామని భయపడి ఇంటర్వ్యూలకే వెళ్లం. నేను మొదటి డెమో క్లాసులో "పెన్సిల్ గిర్ గయా" అనాలో "గిర్ గయీ" అనాలో తెలియక, పెన్సిల్‌ని నేనే వంగి తీసేశాను. ఉద్యోగం వచ్చింది.

ఫైలు

నేను పనిచేసిన ఆ మొదటి ప్రైవేటు స్కూల్లో అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. జీతం కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు. వచ్చేసే ముందు రోజు సర్టిఫికెట్ అడిగితే లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసిచ్చారు: ఈమె మా స్కూల్లో టీచర్‌గా పనిచేసింది, నడవడి బాగుంది. చేరిన తేదీ లేదు, వదిలిన తేదీ లేదు, ఏ తరగతులో లేదు. తర్వాతి స్టేషన్‌లో ఇంటర్వ్యూ బోర్డులో ఒకావిడ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "దీన్నిబట్టి ఎన్నేళ్లు లెక్కవేయమంటారు?" అని మర్యాదగానే అడిగారు. పాత స్కూలుకు ఫోన్ చేస్తే ప్రిన్సిపాల్ మారిపోయారు, రిజిస్టర్ దొరకలేదన్నారు. రెండేళ్లు గాలికి పోయాయి.

కాబట్టి చేరిన రోజే అపాయింట్‌మెంట్ లెటర్ అడగండి. అనుభవం సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా, చెప్పిన తరగతులు, సబ్జెక్టు, జీతం, సంతకం కింద పేరు, స్టాంపు, స్కూలు అఫిలియేషన్ నంబరు ఉండాలి. మీరే టైప్ చేసి తీసుకెళ్లి సంతకం పెట్టించుకోండి. అలా చేస్తే ఎవరూ కాదనరు, వాళ్లకు పని తగ్గుతుంది. జీతం బ్యాంకులో వేయమనండి. పాస్‌బుక్ ఎంట్రీ మించిన సాక్ష్యం లేదు.

పీఎఫ్ ఉంటే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యత్వ నంబరు) ఒక్కటే ఉండాలి. కొత్తచోట చేరగానే అదే నంబరు ఇచ్చి పాత డబ్బు బదిలీ చేయించుకోండి. ఊరు మారినప్పుడల్లా "ఎంతో కొంత వచ్చింది, ఫ్రిజ్ కొందాం" అని పీఎఫ్ తీసేసుకోవడం మన ఇళ్లలో పెద్ద అలవాటు. పెన్షన్ పథకంలో సభ్యత్వం ఉంటే, ముక్కలు ముక్కలుగా చేసిన సర్వీసు కలిపి పదేళ్లయితే 58వ ఏట నుంచి మీ పేరు మీద పెన్షన్ వస్తుంది. తీసేసుకుంటే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. పీఎఫ్ లేని చోట పనిచేస్తుంటే ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) ఖాతా తెరవండి, అది ఉద్యోగంతో ముడిపడింది కాదు.

ఇవన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, డిజిలాకర్‌లోనూ ఒక కాపీ ఉంచండి. ఈ ఫోల్డర్ ట్రంకులో వెళ్లకూడదు. సామాను లారీ వారం ఆలస్యంగా వస్తుంది, ఇంటర్వ్యూ మూడో రోజే ఉంటుంది. నాది రైల్లో నా ఒళ్లోనే ఉంటుంది, పరాఠాల డబ్బా కింద.

పోస్టింగ్ ఆర్డర్ వచ్చిందన్న రోజు

అందరూ అట్టపెట్టెలు వెతుకుతారు. మీరు మాత్రం ముందు కూర్చుని నాలుగు మెయిళ్లు రాయండి: కొత్త స్టేషన్‌లోని ఆర్మీ పబ్లిక్ స్కూలుకు, కేంద్రీయ విద్యాలయానికి, రెండు మంచి ప్రైవేటు స్కూళ్లకు లేదా మీ వృత్తికి తగ్గ ఆస్పత్రులకు. ఫలానా నెలలో వస్తున్నాను, ఇవీ నా అర్హతలు, డెమో ఆన్‌లైన్‌లో ఇవ్వగలను అని. జవాబు రాకపోయినా ఫర్వాలేదు, వెళ్లి నిలబడినప్పుడు "మెయిల్ పెట్టాను మేడమ్" అనడానికి పనికొస్తుంది.

తర్వాత ఇప్పుడు పనిచేస్తున్నచోట చెప్పండి. దాచకండి. పరీక్షల ముందు హఠాత్తుగా మానేస్తే మంచి సర్టిఫికెట్ రాదు. ఆయన ముందు వెళ్లి క్వార్టర్ కోసం వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టుకుంటారు, ఎలాగూ కొన్ని నెలలు పడుతుంది. ఆ కొన్ని నెలలు విద్యా సంవత్సరం ముగిసేదాకా ఉండి రావడం పిల్లలకూ మంచిది, మీ సర్టిఫికెట్‌కూ మంచిది.

కొత్త యూనిట్‌లో జవాన్ల భార్యల కోసం పెట్టే వెల్ఫేర్ మీట్‌కు వెళ్లండి. నాకు ఆ టీపార్టీలు మొదట్లో చిరాకే. కానీ ఏ స్కూల్లో ఎవరు మెటర్నిటీ లీవ్ మీద వెళ్తున్నారో, ఏ క్లినిక్‌లో రిసెప్షన్ ఖాళీ అవుతోందో తెలిసేది అక్కడే.

ఇంటి నుంచి చేసే పని

దీని గురించి తక్కువే చెబుతాను. కంటెంట్ రాయడం, అకౌంట్స్, ఆన్‌లైన్ ట్యూషన్, కోడింగ్ నిజంగా చేతనైతే ఇవి ఎక్కడికైనా వస్తాయి. "డేటా ఎంట్రీ, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అన్నది మోసం, అంతే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్లౌజులు కుట్టడం, పచ్చళ్లు, బ్యూటీపార్లర్ లాంటివి క్వార్టర్‌లో మొదలుపెట్టే ముందు స్టేషన్ హెడ్‌క్వార్టర్స్ అనుమతి కనుక్కోండి. జీఎస్‌టీ తీసుకునేవాళ్లకు ఒక చిక్కు ఉంది. ఆ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. రాష్ట్రం మారితే కొత్తది తీసుకోవాలి. పాతది రద్దు చేయించకపోతే రిటర్నులు వేయలేదని జరిమానా పడుతుంది.

లింక్డ్‌ఇన్‌లో, రెజ్యూమేలో ఆయన యూనిట్ పేరు, ఎక్కడ పోస్టింగో రాయకండి. "భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి" అంటే చాలు. ఫొటో పెట్టే ముందు వెనకాల గేటు మీది బోర్డు కనబడుతోందేమో చూడండి.

"మీ ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయితే?"

ప్రతి ఇంటర్వ్యూలో అడుగుతారు. "అవ్వదు సార్" అని అబద్ధం చెప్పకండి. నేను చెప్పేది ఇది: "రెండేళ్ల దాకా ఉంటానని ఆశిస్తున్నాను సార్. పాత స్కూల్లో కూడా సంవత్సరం పూర్తి చేసే వచ్చాను, ఇదిగో సర్టిఫికెట్." మధ్యలో ఖాళీ ఉంటే దాచకండి, ఆ ఖాళీలో చేసిన కోర్సు చూపించండి. ఆరు నెలల ఖాళీకి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక "స్వయం"లో చేసిన ఒక కోర్సు సర్టిఫికెట్ చాలు. ఏమీ చేయలేదంటే, "అమ్మాయి పుట్టింది" అన్నది కూడా సిగ్గుపడాల్సిన జవాబు కాదు.

చివరి పోస్టింగ్‌కు రెండేళ్ల ముందు

సర్వీసు చివర్లో సొంతూరికి దగ్గరగా పోస్టింగ్ అడిగే వీలు సైన్యంలో ఉంది. ఆయన ఆ దరఖాస్తు పెట్టే నెలలోనే మీదీ పెట్టండి. ఇద్దరూ ఏ ఊళ్లో స్థిరపడతారో తేల్చుకోండి. సికింద్రాబాద్ అనుకుంటే తిరుమలగిరి, బొల్లారం వైపు స్కూళ్లకు ఇప్పుడే మెయిల్ పెట్టండి. కేంద్ర ఉద్యోగంలో ఉంటే అటు బదిలీ అడగండి, నర్సు అయితే తెలంగాణ కౌన్సిల్‌కు ఎన్‌ఓసీ మొదలుపెట్టండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం వైపు చూసేవాళ్లు మీరు స్కూల్లో చదివిన ఏళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. మీరు ఏ జిల్లాకు స్థానికులో తేల్చేది అవే, మీ చిన్నప్పటి బడి ఇప్పుడు ఉందో మూతపడిందో వెళ్లి చూస్తే గాని తెలియదు. నాది మూతపడింది. రికార్డులు మండల విద్యాధికారి ఆఫీసులో బీరువా అడుగున దొరికాయి, మూడోసారి వెళ్లినప్పుడు.